అనంతపురంలో గడ్డికి చలికాలం ఎప్పుడు మొదలవుతుంది?

ఏప్రిల్‌లో టీవీలో మాస్టర్స్ గోల్ఫ్ టోర్నమెంట్ చూసినవాళ్లకు అగస్టా మైదానం గుర్తుండే ఉంటుంది. ఎంత వెతికినా ఒక్క ఎండుపోచ కనపడదు. ఇక్కడేమో డిసెంబర్ సగానికి వచ్చేసరికి అనంతపురం కాలనీల్లో లాన్‌లు పాలిపోతాయి, కాలేజీ గ్రౌండ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. సరిగ్గా అప్పుడే ఆన్‌లైన్ షాపుల్లో ‘వింటర్ గ్రాస్ సీడ్’ ప్యాకెట్లు, ‘వింటరైజర్’ అనే ఎరువు డబ్బాలు, గోల్ఫ్ కోర్సుల రహస్యం చెబుతామనే వీడియోలు ముందుకొస్తాయి. గడ్డి చచ్చిపోతోందేమోనని టెన్షన్ పడ్డవాళ్లు అవి కొనేస్తారు.

గోల్ఫ్ మైదానాన్ని చలికాలానికి సిద్ధం చేయడం అనేది నిజంగానే పెద్ద శాస్త్రం. కానీ ఆ మాట కింద మూడు నాలుగు వేర్వేరు పనులున్నాయి. కెనడాలో చేసేది ఒకటి, అగస్టా ఉన్న అమెరికా జార్జియా రాష్ట్రంలో చేసేది ఇంకొకటి. మన రాయలసీమలో చేయాల్సి వచ్చేది ఆ రెండిటికీ దూరం. వీటిని కలిపేయడం వల్లే అయోమయమంతా.

రెండు గుంపుల గడ్డి

మైదానాల్లో పెంచే గడ్డిని రెండు గుంపులుగా చూస్తారు. మొదటిది వేడిని ఇష్టపడేది. మన పొలం గట్ల మీద పెరిగే గరిక ఈ గుంపులోదే. ప్రపంచమంతా దాన్ని బెర్ముడా గ్రాస్ అంటారు. నర్సరీల్లో కొరియన్ గ్రాస్ పేరుతో అమ్మే జోయిసియా, ఉప్పునీళ్లను తట్టుకునే పాస్పాలమ్ కూడా ఇందులోవే. ఇవి 27 నుంచి 35 డిగ్రీల మధ్య బాగా పెరుగుతాయి. 15 దాటి కిందికి పోతే పెరుగుదల దాదాపు ఆగిపోతుంది.

రెండోది చల్లదనాన్ని ఇష్టపడేది. బెంట్ గ్రాస్, రై గ్రాస్, ఫెస్క్యూ, బ్లూ గ్రాస్ ఈ గుంపు. వీటికి 15 నుంచి 24 డిగ్రీలు హాయి. మన మే నెల ఎండలో ఇవి బతకవు. స్కాట్లండ్, ఇంగ్లండ్, అమెరికా ఉత్తర భాగం, కెనడా మైదానాల్లో ఎక్కువగా ఉండేవి ఇవే.

గోల్ఫ్‌లో ఎక్కువగా వాడే బెర్ముడా మామూలు గరిక కాదు. మామూలు గరికను ఆఫ్రికా జాతి గరికతో కలిపి జార్జియాలోని టిఫ్టన్‌లో తయారు చేసిన సంకరాలు అవి. టిఫ్‌వే 419 అనేది 1960లో బయటికొచ్చింది, ఇప్పటికీ ఎన్నో మైదానాల్లో ఉంది. ఇది గొడ్డు గడ్డి, విత్తనం కట్టదు. తీగ ముక్కలు నాటో, గడ్డిని చుట్టలుగా తెచ్చి పరిచో పెంచాల్సిందే. కాబట్టి ‘టిఫ్‌వే 419 విత్తనాలు’ అని ఎక్కడైనా ప్యాకెట్ కనపడితే లోపలున్నది ఇంకేదో అని అర్థం.

మంచు కురిసే దేశాల్లో ఏం చేస్తారు

అక్కడ భయం గడ్డి రంగు గురించి కాదు, ప్రాణం గురించి. నెలల తరబడి మంచు కప్పుకుని ఉంటే ఆ తడి చీకట్లో బూజు తెగుళ్లు పెరుగుతాయి. వాటిలో ఒకటి రావాలంటే రెండు నెలల పాటైనా మంచు దుప్పటి ఉండాలి. ఇంకొకటి మంచు లేకపోయినా చల్లటి తేమ చాలు అంటుంది. అందుకే తొలి మంచుకు ముందే గ్రీన్ల మీద మందు కొడతారు. గ్రీన్ అంటే బంతిని గుంటలోకి దొర్లించే నున్నటి చోటు. దాన్ని 3 మిల్లీమీటర్ల ఎత్తులో కోస్తారు, అందుకే మైదానంలో అతి సున్నితమైన భాగం అదే.

మంచు కంటే ప్రమాదం గడ్డకట్టిన నీటి పలక. దాని కింద గాలి ఆడదు. బెంట్ గ్రాస్ అలాంటి పలక కింద మూడు నెలలు దాకా తట్టుకోగలదు. దాని పక్కనే కలుపులా పెరిగే పోవా అనే గడ్డి రెండు నెలలకే చేతులెత్తేస్తుంది. కొన్నిచోట్ల ఫిబ్రవరిలో ఒక వెచ్చటి రోజు వచ్చి, గడ్డి మొదలు నీళ్లు తాగి, ఆ రాత్రే మళ్లీ గడ్డకట్టుకుపోతే మొదలు లోపల కణాలు పగిలి చచ్చిపోతుంది. దీనికి మందు లేదు, మురుగు పారే దారి సరిగా ఉండటమొక్కటే కాపాడుతుంది.

ఇంకా పనులున్నాయి. స్ప్రింక్లర్ పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పగలకుండా కంప్రెసర్ గాలితో ఊది ఖాళీ చేస్తారు. గ్రీన్ల మీద పట్టాలు కప్పుతారు. పోచల మీద మంచు గడ్డకట్టి ఉన్న పొద్దున ఎవర్నీ మైదానంలోకి అడుగు పెట్టనివ్వరు. గట్టిపడ్డ ఆకును తొక్కితే లోపల కణాలు చిట్లి, రెండు రోజుల్లో అడుగుల గుర్తులు నల్లగా తేలతాయి. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో చాలా ఏళ్లుగా నవంబర్ నుంచి మార్చి దాకా ఫెయిర్‌వేలో, అంటే ఆట మొదలుపెట్టే చోటుకూ గ్రీన్‌కూ మధ్య పొట్టిగా కోసిన గడ్డి దారిలో, బంతిని నేరుగా గడ్డి మీంచి కొట్టనివ్వకుండా, చిన్న చాప వేసి దాని మీంచి కొట్టించే పద్ధతి ఉంది. ఇక మన దేశంలోనే గుల్మార్గ్ గోల్ఫ్ మైదానం చలికాలంలో మంచు కింద ఉంటుంది.

వీటిలో ఒక్కటీ రాయలసీమకు పనికొచ్చేది కాదు. వీడియోల్లో మాత్రం ఎక్కువగా చూపించేది ఇదే.

గరిక నిద్రపోవడం అంటే

జార్జియా, ఫ్లోరిడా ఉత్తర భాగం, మన ఢిల్లీ, పంజాబ్ లాంటి చోట్ల కథ వేరు. అక్కడ గడ్డి బెర్ముడానే. కానీ చలికాలంలో నేల ఉష్ణోగ్రత 10 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. అప్పుడు గరిక పెరగడం మానేస్తుంది, పత్రహరితం కరిగిపోతుంది, మైదానం గడ్డివాము రంగుకు మారుతుంది. చచ్చిపోలేదు. నేలలోపలి కాండాలు, పాకే తీగలు, మొదళ్లు బతికే ఉంటాయి. పిండిపదార్థం రూపంలో దాచుకున్న తిండి అక్కడ ఉంటుంది. పంట ఇంటికొచ్చాక గాదెలో పోసుకున్న గింజల్లాగే అది, కొత్త పంట చేతికందేదాకా సరిపోవాలి. వసంతంలో కొత్త ఆకు పొడిచేది ఆ నిల్వతోనే.

ఈ ఒక్క సంగతి తెలిస్తే చలికాలపు సిద్ధం వెనక తర్కమంతా తెలుస్తుంది. గడ్డి సంపాదించేది ఆకుతో. కాబట్టి పెరుగుదల మందగించే ముందు ఆకు కాస్త ఎక్కువ ఉండాలి. అందుకే కోత ఎత్తు పెంచుతారు. ఫెయిర్‌వేను 12 మిల్లీమీటర్లకు కోసేవాళ్లు 15, 16కి తెస్తారు. నేలను వదులు చేసే పనులు, బెజ్జాలు కొట్టి ఇసుక నింపడం లాంటివి, గడ్డి జోరుగా పెరిగే రోజుల్లోనే ముగిస్తారు. ఎందుకంటే అవి గాయాలు. మాన్పుకునే శక్తి ఉన్నప్పుడే చేయాలి. చలి తేదీని బట్టి వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే ఆ ఏర్పాట్లన్నీ అంతకు రెండు నెలల ముందే మొదలవుతాయి.

మన థర్మామీటర్ ఏం చెబుతోంది

అనంతపురంలో డిసెంబర్, జనవరి నెలల్లో పగలు 30 డిగ్రీల దగ్గర, తెల్లవారుజామున 16, 17 దగ్గర ఉంటుంది. చలి బిగిసిన రాత్రులు 12 దాకా దిగొచ్చు. కడప దీనికంటే ఒకటి రెండు డిగ్రీలు వెచ్చన. హిందూపురం, మడకశిర వైపు ఎత్తు ఎక్కువ కాబట్టి ఇంకాస్త చలి. రోజు మొత్తం సగటు తీస్తే అనంతపురంలో 23 చుట్టూ వస్తుంది. నేల ఉష్ణోగ్రత ఈ సగటుకు దగ్గరగా నడుస్తుంది. అంటే గరిక నిద్రపోయే 10 డిగ్రీలకు మనం ఆమడ దూరంలో ఉన్నాం.

వెలుతురు కూడా అంత తగ్గదు. 14.7 డిగ్రీల అక్షాంశం మీదున్న అనంతపురంలో డిసెంబర్ 21న పగలు సుమారు 11 గంటల 15 నిమిషాలు. ఢిల్లీలో అది 10 గంటల 20 నిమిషాలకు కాస్త అటూ ఇటూ.

మరి పాలిపోవడం ఎందుకు? మొదటి కారణం, రాత్రి చలి, పగలు ఎండ. రాత్రి 15 కంటే దిగితే ఆకులో పత్రహరితం తయారీ కుంటుతుంది, పొద్దున్నే పడే బలమైన ఎండ ఉన్నదాన్ని కరిగిస్తుంది. రెండోది, పెరుగుదల మందగించడం. ముదిరిన ఆకు ఎండినా దాని స్థానంలో కొత్తది త్వరగా రాదు. మూడోది, చలితో సంబంధం లేనిది: నీటి ఎద్దడి. అనంతపురం జిల్లాకు ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అందులో సెప్టెంబర్, అక్టోబర్‌లదే పెద్ద వాటా. డిసెంబర్ నుంచి మార్చి దాకా చినుకు పడడం అరుదు. మన దగ్గర జనవరి లాన్ గోధుమరంగుకు తిరిగిందంటే చాలాసార్లు అది చలి వల్ల కాదు, దాహం వల్ల.

నాలుగో కారణం మైదానాలకు మాత్రమే వర్తించేది, నా లెక్కలో అన్నిటికంటే పెద్దది. రంజీ సీజన్ అక్టోబర్‌లో మొదలై ఫిబ్రవరి, మార్చి దాకా నడుస్తుంది. కాలేజీ టోర్నమెంట్లు, సంక్రాంతి పోటీలు, స్కూళ్ల స్పోర్ట్స్ డేలు ఈ నెలల్లోనే. అనంతపురం ఆర్‌డీటీ స్టేడియం 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు ఆడించింది. అప్పుడు గరికకు మంచి ఊపు. అదే మ్యాచ్‌లు జనవరిలో జరిగితే బౌలర్ రనప్‌లో, ఫీల్డర్లు నిలబడే చోట్ల పడిన అరుగుదల మానడానికి రెండు మూడింతల సమయం పడుతుంది. గడ్డి అరిగే వేగం పెరిగే వేగాన్ని దాటిన రోజే ఆ మైదానానికి చలికాలం. థర్మామీటర్ ఎంత చూపిస్తోందన్నది ఆ తర్వాతి ప్రశ్న.

అగస్టా పచ్చదనం ఎక్కణ్నుంచి వచ్చింది

అగస్టాలో అడుగున ఉన్నది బెర్ముడా. టీవీలో కనిపించేది అది కాదు. క్లబ్బు మే చివర్లో మూతపడి అక్టోబర్‌లో తెరుచుకుంటుంది. ఆలోగా బెర్ముడాను గీకి పలచన చేసి, దాని మీద రై గ్రాస్ విత్తనం చల్లుతారు. బెర్ముడా నిద్రపోతుంది, రై చలిలో పచ్చగా పెరుగుతుంది. ఏప్రిల్‌లో మనం చూసేది ఆ రైనే. గ్రీన్లయితే 1981 నుంచి పూర్తిగా బెంట్ గ్రాస్. ఈ పై విత్తనం పద్ధతినే ఓవర్‌సీడింగ్ అంటారు. ‘వింటర్ గ్రాస్ సీడ్’ ప్యాకెట్‌లో ఉండేది కూడా మామూలుగా రై గ్రాసే.

ఎంత విత్తనం కావాలి? ఫెయిర్‌వేలకు సాధారణంగా ఎకరాకు 200 కిలోల దాకా. అంటే చదరపు మీటరుకు 50 గ్రాములు, గింజల్లో చెబితే సుమారు 25 వేలు. 18 హోల్స్ ఉన్న పూర్తి గోల్ఫ్ మైదానంలో ఫెయిర్‌వేలు 30 ఎకరాలనుకుంటే 6 టన్నులు. ఇదే లెక్కన ఆన్‌లైన్‌లో వచ్చే 100 గ్రాముల ప్యాకెట్ రెండు చదరపు మీటర్లకు సరిపోతుంది. 600 చదరపు అడుగుల ఇంటి లాన్‌కు దాదాపు 2 కిలోల 800 గ్రాములు కావాలి. ప్యాకెట్ మీద ఉన్న బొమ్మలో బంగళా ముందు లాన్ ఎంత ఉంటుందో చూస్తే నవ్వొస్తుంది.

ఇప్పుడు నీళ్లు. ఇది ఊహించిన లెక్క, పద్ధతి అర్థం కావడానికి. డిసెంబర్‌లో అనంతపురం ఎండకు, గాలికి పంట మీంచి ఆవిరయ్యే నీటి ప్రమాణం రోజుకు 4 మిల్లీమీటర్లనుకుందాం. మందగించిన గరిక అందులో 60 శాతం తీసుకుంటుంది, 2.4 మిల్లీమీటర్లు. రై 80 శాతం, 3.2 మిల్లీమీటర్లు. తేడా 0.8. చూడ్డానికి ఏమీ కాదు. కానీ ఒక ఎకరా మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే 4,047 లీటర్లు. 30 ఎకరాల మీద 0.8 మిల్లీమీటర్లంటే రోజుకు 97 వేల లీటర్లు. 90 రోజులకు 87 లక్షల లీటర్లు పైమాటే. 5,000 లీటర్ల ట్యాంకర్లలో చెప్పుకుంటే దాదాపు 1,750 ట్యాంకర్లు. ఇది రంగు కోసం పెట్టే అదనపు ఖర్చు మాత్రమే. మొలక కోసం మొదటి పది రోజులు రోజుకు నాలుగైదు సార్లు తడపాల్సింది వేరే.

విత్తనమా, రంగా, గోధుమరంగేనా

ఓవర్‌సీడింగ్‌ను సమర్థించేవాళ్ల వాదన తేలిగ్గా కొట్టేసేది కాదు. నిద్రపోయిన గరిక మీద తొక్కుడు పడితే అది మానదు. పైన రై పొర ఉంటే అరిగేది రై, కింద గరిక మొదళ్లు క్షేమం. చలికాలంలోనే టూరిస్టులొచ్చే ఆరిజోనా, ఫ్లోరిడా లాంటి చోట్ల ఆదాయం ఆ పచ్చదనం మీదే నడుస్తుంది. ఖాళీ నేల లేకపోవడంతో కలుపు కూడా తగ్గుతుంది.

వద్దనేవాళ్లు చూపించేది వసంతాన్ని. రై తనంతట తాను తప్పుకోదు. చల్లటి వాతావరణం కొనసాగినన్నాళ్లు నీడ వేసి, నీళ్లు తాగి, నిద్ర లేస్తున్న గరికను అణచేస్తుంది. ఏడాదిలో కనీసం 100 రోజులు రై పోటీ లేకుండా గరికను పెరగనివ్వాలన్నది ఆ వృత్తిలో ఉన్నవాళ్లు పాటించే కొలత. అది దొరక్కపోతే ఏటికేడు గరిక పలచబడుతుంది.

మధ్యేమార్గం రంగు. నిద్రపోయిన గడ్డి మీద పచ్చటి వర్ణకం పిచికారీ చేస్తారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో చాలా గ్రీన్ల మీద ఇప్పుడు ఇదే పద్ధతి. విత్తనం అక్కర్లేదు, అదనపు నీళ్లు అక్కర్లేదు, వసంతంలో పోటీ లేదు. తొక్కుడుకు మాత్రం ఏ రక్షణా ఇవ్వదు. కొన్ని వారాలకు మళ్లీ కొట్టాలి.

నాలుగో వర్గం గోధుమరంగును అలాగే వదిలేద్దామంటుంది. అమెరికా నార్త్ కరోలినాలోని పైన్‌హర్స్ట్ నంబర్ 2 అనే గోల్ఫ్ మైదానం దీనికి పేరుపడ్డ ఉదాహరణ. 2010లో మొదలుపెట్టి అక్కడ నీళ్లు పెట్టే పచ్చికను ఎకరాలకు ఎకరాలు తీసేసి, ఇసుక, అడవి గడ్డి మళ్లీ కనపడేలా చేశారు. 2014లో పురుషుల, మహిళల యూఎస్ ఓపెన్‌లు రెండూ వరుస వారాల్లో అక్కడే జరిగాయి. అంచులు ఎండి కనిపించడం చూసి కొందరు ముఖం చిట్లించారు, కొందరు మెచ్చుకున్నారు. ఆ మైదానంలో 1930ల మధ్య దాకా గ్రీన్లే ఇసుకవి. పచ్చగా ఉంటేనే గోల్ఫ్ అన్న పట్టింపు ఆటంత పాతదేమీ కాదు.

మన దగ్గర ఈ చర్చ ఒక విచిత్రమైన మలుపు తిరుగుతుంది. సగటు 23 డిగ్రీలంటే రైకి సరిగ్గా నచ్చే వాతావరణం. కాబట్టి అనంతపురంలో రై చల్లితే మొలుస్తుంది, వారంలో పచ్చదనం కనపడుతుంది, కొన్నవాళ్లు సంతోషిస్తారు. కానీ ఇక్కడ గరిక నిద్రపోవడం లేదు, మెల్లగా పెరుగుతోంది. రై దాని మీద నీడ వేసేది మెలకువగా ఉన్నప్పుడే. ఫిబ్రవరి ఆఖరుకు పగలు 35 దాటుతుంది, ఏప్రిల్‌లో 40 చూస్తాం. ఆ ఎండకు రై నిలవదు. అమెరికాలో రై వదలక ఇబ్బంది, ఇక్కడ ఒక్కసారిగా పోయి ఇబ్బంది. అది పోయిన చోట మూడు నెలలు నీడలో మగ్గి బలహీనపడ్డ గరిక, మధ్యలో ఖాళీ నేల. ఆ ఖాళీలోకి తుంగ, వయ్యారిభామ, పల్లేరు వచ్చేస్తాయి. ఫిబ్రవరిలోపు ముఖ్యమైన మ్యాచ్ ఉండి, నీళ్లకు కొదవలేని స్టేడియానికి ఇది ఆలోచించదగ్గ పందెమే. ఇంటి లాన్‌కు ఎలా లాభమో నాకైతే కనపడదు.

ఎరువుల తగాదా

చలికి ముందు నత్రజని వేయొద్దనేది పాత పాఠం. యూరియా వేస్తే లేత ఆకు పుడుతుంది, లేత ఆకు చలికి ముందు పోతుంది, దాచుకోవాల్సిన తిండి పెరుగుదలకు ఖర్చవుతుంది అన్నది వాదన. తర్వాత బెర్ముడా మీద జరిగిన పరీక్షల్లో, మితంగా వేసినప్పుడు చలి నష్టం పెరగలేదనీ, రంగు ఎక్కువ రోజులు నిలిచి వసంతంలో తొందరగా చిగురించిందనీ తేలింది. రెండు వైపులా వాస్తవముంది, అసలు తేడా మోతాదులో.

‘వింటరైజర్’ డబ్బాల్లో ఎక్కువగా ఉండేది పొటాష్. గరికలో పొటాష్ లోపముంటే చలికి చచ్చే ప్రమాదం ఎక్కువన్నది నిజమే. లోపం లేనిచోట ఇంకా పోస్తే ఇంకా బలం వస్తుందన్నది నిజం కాదు. చలి దేశాల్లో బెంట్ గ్రాస్‌కు పొటాష్ ఎక్కువైతే మంచు బూజు ఎక్కువైందని కూడా పరీక్షల్లో కనపడింది. నేల పరీక్ష లేకుండా డబ్బా కొనడంలో అర్థం లేదనేది అందుకే.

మనకు గడ్డకట్టే చలే లేదు కాబట్టి మొదటి భయం వర్తించదు. ఇక్కడ చూసుకోవాల్సింది తెగుళ్లను. యూరియా దండిగా పడితే మెత్తటి ఆకు మీద మచ్చలు వస్తాయి, గడ్డి అడుగున ఎండుపొర పేరుకుంటుంది. మరీ తక్కువైతే డాలర్ స్పాట్ అనే తెగులు, రూపాయి బిళ్లంత తెల్లటి మచ్చలతో, ఆకలిగా ఉన్న గడ్డినే ఎంచుకుంటుంది. కొంచెం కొంచెం చొప్పున ఇస్తే ఈ రెండిటికీ చోటుండదు.

రంగు కోసమే అయితే ఇనుము సంగతి చూడాలి. సున్నం ఎక్కువున్న నేలల్లో ఇనుము ఉన్నా వేరుకు అందదు. అనంతపురం వేరుశనగ రైతులకు ఇది కొత్త విషయం కాదు. చేను పసుపు తిరిగితే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొట్టడం వాళ్లకు అలవాటే. గోల్ఫ్ మైదానాల్లోనూ పచ్చదనం కోసం ఆకు మీద కొట్టేది ఇదే ఫెర్రస్ సల్ఫేట్, మోతాదులు వేరు. పెరుగుదలను రెచ్చగొట్టకుండా రంగును ముదురు చేయడం దీని గుణం. నేలలో చల్లితే మాత్రం మన సున్నపు నేలల్లో చాలా భాగం వృథా. ఫుట్‌పాత్ మీద, గచ్చు మీద పడితే తుప్పు మరకలు పోవు.

బోరు నీళ్లు, ఉప్పు, తెల్లారి తడి

మళ్లీ లెక్కకొద్దాం. 70 మీటర్ల వ్యాసార్థమున్న క్రికెట్ మైదానం విస్తీర్ణం సుమారు 15,400 చదరపు మీటర్లు, 3.8 ఎకరాలు. రోజుకు 2.4 మిల్లీమీటర్లంటే 37 వేల లీటర్లు. ఆ నీళ్లు బోరువి, లీటరులో ఒక గ్రాము లవణాలున్నాయి అనుకుందాం. మన వైపు బోర్లలో అది వింతేమీ కాదు. 90 రోజులకు చదరపు మీటరు మీద 216 లీటర్లు పడతాయి, 216 గ్రాముల లవణాలు మిగులుతాయి. నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు కాదు. మైదానం మొత్తానికి 3 టన్నుల 300 కిలోలు. వాన ఉంటే కిందికి కడుక్కుపోతుంది. మనకు డిసెంబర్ నుంచి ఆ వానే ఉండదు.

ఫిబ్రవరిలో ఆకు కొసలు ఎండినప్పుడు చాలామంది చలి దెబ్బ అనుకునేది ఇదే. ఇంకా నీళ్లు పెడితే ఇంకా ఉప్పు చేరుతుంది. రోజూ పైపైన తడపడం కంటే కొన్ని రోజులకోసారి లోతుగా తడిపితే లవణాలు వేరు కిందికి దిగుతాయి. హంద్రీ-నీవా, హెచ్చెల్సీ లాంటి కాలువ నీళ్లు అందే చోట ఈ బాధ తక్కువ. ఉప్పు తట్టుకునే పాస్పాలమ్ గడ్డి వైపు కొన్ని మైదానాలు మొగ్గడానికి కారణమూ ఇదే. సోడియం ఎక్కువున్న నల్లరేగడిలో జిప్సం అవసరమవుతుంది, సోడియం సమస్య లేని ఎర్రనేలలో అదే జిప్సంతో పెద్ద ప్రయోజనం ఉండదు.

నీళ్లు ఎప్పుడు పెట్టాలన్నది చలికాలంలో ఎండాకాలం కంటే ముఖ్యం. సాయంత్రం తడిపితే ఆ తడి మీద రాత్రి మంచు కూడా చేరి, ఆకు పన్నెండు గంటలు తడిగా ఉంటుంది. తెగులుకు అంత సమయం చాలు. తెల్లవారుజామున తడిపితే ఎలాగూ తడిసే ఉన్న ఆకు మీదే పడుతుంది, ఎండ రాగానే ఆరిపోతుంది. గ్రౌండ్ స్టాఫ్ పొద్దున్నే పొడవాటి తాడు పట్టుకుని ఔట్‌ఫీల్డ్ అంతా లాక్కెళ్లేది బంతి తడవకుండా ఉండటానికే, కానీ గడ్డికి కూడా అది మేలు చేస్తుంది.

నీడ పొడవు, నేల రంగు

డిసెంబర్ మధ్యాహ్నం అనంతపురంలో సూర్యుడు 52 డిగ్రీల ఎత్తు దాకానే వస్తాడు, అదీ దక్షిణం వైపు వాలి. 10 మీటర్ల గ్యాలరీ నీడ అప్పుడు ఉత్తరం వైపు దాదాపు 8 మీటర్లు పడుతుంది. జూన్‌లో అదే గోడకు ఉత్తరం వైపు మధ్యాహ్నం నీడే ఉండదు. గరిక నీడను సహించదు. ప్రహరీకి ఉత్తరాన ఉన్న లాన్ పట్టీ ఏటా జనవరిలో పలచబడి జూన్‌లో తేరుకోవడం వెనక ఎరువూ లేదు, తెగులూ లేదు. అక్కడ కోత ఎత్తు పెంచితే కొంత నిలుస్తుంది, లేదా నీడను కాస్త తట్టుకునే కొరియన్ గ్రాస్ మేలు.

చివరిగా, బెజ్జాలు కొట్టి నేలను వదులు చేసే పనికి మన మూడు ఊళ్లకూ ఒకే తేదీ కుదరదు. అనంతపురం ఎర్రనేల తేలికైనది, ఆగస్టు, సెప్టెంబర్‌లో చేస్తే వానలు, వేడి కలిసి అక్టోబర్‌కల్లా మానిపోతుంది. కర్నూలు పశ్చిమాన ఆదోని వైపు, కడపలో జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి. తడిగా ఉంటే మిషన్ దిగబడి నేలను ఇంకా గట్టి చేస్తుంది, ఎండితే నెర్రెలిచ్చి పన్ను దిగదు. ఈ రెండిటి మధ్య దొరికే వ్యవధి కొద్ది రోజులే. కడపకైతే అక్టోబర్, నవంబర్ తుపాను వానలు కూడా ఉంటాయి, 2021 నవంబర్ వరదలు ఇంకా ఎవరూ మర్చిపోలేదు. అందుకని అక్కడ సెప్టెంబర్‌లో వాన తెరిపిచ్చిన వారం దొరికితే అప్పుడే ముగించాలి. అది తప్పి, తుపాన్లు పోయేదాకా ఆగి, నేల ఆరిందని జనవరిలో మొదలుపెడితే ఆ బెజ్జాలు మార్చి దాకా పూడవు. అప్పటికి టోర్నమెంట్లు అయిపోయుంటాయి.